మూలాధారం: పారాయణంలో ఒకటి, యోగా క్లాసులో ఇంకొకటి

వరంగల్‌లో మూలాధారం (యోగ, తంత్ర గ్రంథాలు ఒంట్లో చెప్పే చక్రాల్లో అన్నిటికన్నా కిందిది) అనే మాట ఇదివరకు రెండు చోట్ల వినిపించేది. శుక్రవారం పొద్దున భద్రకాళి గుడిలో లలితా సహస్రనామం చదివే ఆడవాళ్ల నోట 99వ నామంగా ‘మూలాధారైకనిలయా’ అని ఒకసారి, చాలా దూరం పోయాక 514వ నామంగా ‘మూలాధారాంబుజారూఢా’ అని ఇంకోసారి. రెండోది యోగా క్లాసు. చెరువు కట్ట మీద చాపలు పరుచుకున్నవాళ్లకు సార్ చెబుతుంటాడు: “నడుము నిటారుగా పెట్టండి. దృష్టి మూలాధారం మీద. లం... లం... కాళ్ల నుంచి వేర్లు భూమిలోకి దిగుతున్నట్టు ఊహించుకోండి.”

ఇప్పుడు ఫోను కూడా తోడైంది. చేతిలో డబ్బు నిలవట్లేదా, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదా, ఉద్యోగం ఉంటుందో పోతుందోనని టెన్షనా, నడుం నొప్పా? అన్నిటికీ కారణం మీ మూలాధారం బ్లాక్ అవడమే అంటాయి వీడియోలు. దాన్ని తెరవడానికి ఎర్ర రాళ్ల బ్రేస్‌లెట్టు, 396 హెర్ట్జ్ ఆడియో, ఆన్‌లైన్ కోర్సు. బీటెక్ చదివే పిల్లవాడి నుంచి రిటైరైన టీచరమ్మ దాకా ఈ మాట ఇప్పుడు అందరికీ తెలుసు. పేరు ఒకటే కాబట్టి సంగతి కూడా ఒకటే అనుకుంటాం. కాదు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు పనుల కోసం పుట్టిన సంగతులు ఒకే పేరు కింద పోగుపడ్డాయి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీస్తే, ఏది నమ్మాలో ఏది చేయాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

మనకు అలవాటైన బొమ్మతో మొదలుపెడదాం. నాలుగు రేకుల ఎర్ర తామర. మధ్యలో పసుపుపచ్చ చతురస్రం, అది పృథ్వీ తత్త్వానికి గుర్తు. బీజాక్షరం లం. దాన్ని మోసేది ఐరావతం. బాల బ్రహ్మ అధిదేవత, డాకిని శక్తి. లోపల త్రికోణం, అందులో స్వయంభూ లింగం, దాన్ని మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోతున్న కుండలిని, అంటే పాము రూపంలో ఊహించే శక్తి. చోటు గుదానికి పైన, జననాంగానికి కింద. తామర ముఖం కిందికి తిరిగి ఉంటుంది. ఇదంతా దాదాపు ఇదే వరుసలో ‘షట్చక్రనిరూపణం’లో ఉంది. బెంగాల్‌కు చెందిన పూర్ణానందుడు 1577లో రాసిన శ్రీతత్త్వచింతామణిలో అదొక అధ్యాయం. కలకత్తా హైకోర్టు జడ్జిగా పనిచేసిన జాన్ వుడ్రాఫ్ 1919లో దాన్ని ఇంగ్లిషులో అచ్చువేయించాడు. ప్రపంచమంతా చక్రాలంటే ఆ ఒక్క బొమ్మే అనుకోవడానికి పెద్ద కారణం ఆ అనువాదం. వందలాది తంత్ర గ్రంథాలుండగా ఒకదానికి అచ్చు దొరికింది, అదే ప్రమాణమై కూర్చుంది.

రేకులు నాలుగే ఎందుకు అని అడిగితే నాలుగు దిక్కులనో నాలుగు పురుషార్థాలనో జవాబిస్తుంటారు. రేకుల మీద ఉన్న అక్షరాలు చూస్తే ఇంకో లెక్క బయటపడుతుంది. కంఠంలోని విశుద్ధ చక్రంలో పదహారు రేకులు, అ నుంచి అః దాకా అచ్చులన్నీ. కిందికి దిగితే అనాహతంలో పన్నెండు, క నుంచి ఠ దాకా. మణిపూరంలో పది, డ నుంచి ఫ దాకా. స్వాధిష్ఠానంలో ఆరు, బ నుంచి ల దాకా. మూలాధారానికి వచ్చేసరికి మిగిలినవి వ, శ, ష, స. హ, క్ష రెండూ కనుబొమల మధ్య ఆజ్ఞా చక్రంలో. మొత్తం యాభై. పలకా బలపం పట్టిన ఎవరికైనా ఇది తెలిసిన వరుసే. అంటే ఎవరో కళ్లు మూసుకుని రేకులు లెక్కపెట్టి నాలుగని చెప్పలేదు. అక్షరమాలను గొంతు నుంచి కిందికి ఒంట్లో అమర్చుకుంటూ వచ్చారు. మంత్రశాస్త్రంలో సృష్టంతా శబ్దం నుంచి పుట్టింది కాబట్టి, ఆ శబ్దాన్ని సాధకుడు తన శరీరంలో ప్రతిష్ఠించుకుంటాడు. దీన్ని న్యాసం అంటారు. తామర అక్కడ ముందే పూసి ఉందని కాదు, అక్కడ ఉన్నట్టు భావన చెయ్యమని గ్రంథం చెబుతోంది.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి. ఎందుకంటే పాత గ్రంథాలు ఒకదానితో ఒకటి అస్సలు పొసగవు.

లలితా సహస్రనామమే తీసుకోండి. అందులో మూలాధారంలో ఉండే యోగిని డాకిని కాదు, సాకిని. ఐదు ముఖాలు, ఎముకల్లో నివాసం, చేతిలో అంకుశం, ఇష్టమైన నైవేద్యం ముద్గౌదనం, అంటే పెసరపప్పు అన్నం. డాకిని అక్కడ విశుద్ధ చక్రంలో ఉంటుంది, ఆమెకు పాయసం ఇష్టం. షట్చక్రనిరూపణంలో కింద ఉన్న దేవత ఇక్కడ గొంతులోకి ఎక్కింది, గొంతులో ఉన్నది కిందికి దిగింది. ఇక వినాయక చవితికి మండపాల్లో చదివే గణపత్యథర్వశీర్షం వినాయకుణ్ణి పట్టుకుని ‘త్వం మూలాధారస్థితోఽసి నిత్యమ్’ అంటుంది. మరి అక్కడున్నది బ్రహ్మా, డాకినా, సాకినా, గణపతా?

అజపాజపం, అంటే ఊపిరినే మంత్రంగా భావించే జపం, చేసేవాళ్ల సంకల్పంలో దీనికి చక్కటి సర్దుబాటు ఉంది. మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి తీస్తాడని లెక్క, అంటే నిమిషానికి పదిహేను. అందులో 600 మూలాధారంలోని గణపతికి. తర్వాత ఆరేసి వేలు స్వాధిష్ఠానంలో బ్రహ్మకు, మణిపూరంలో విష్ణువుకు, అనాహతంలో రుద్రుడికి. పైనున్న విశుద్ధానికి, ఆజ్ఞకు, నడినెత్తిన సహస్రారానికి తలా వెయ్యి. గణపతి వచ్చి కూర్చోగానే బ్రహ్మ ఒక మెట్టు పైకి జరిగాడు. ఇంత సులువుగా జరిపారంటే వాళ్లు శరీరంలో కనిపించినదాన్ని నమోదు చేస్తున్నామని అనుకోలేదన్న మాట. పూజకు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఏర్పాటు చేసుకుంటున్నారు.

ఈ నేల మీది సాక్ష్యాలు కూడా ఇదే చెబుతాయి. కాకతీయ గణపతిదేవుడికి శివదీక్ష ఇచ్చిన విశ్వేశ్వరశివుడు గోళకీ మఠానికి చెందినవాడు, శైవసిద్ధాంత పరంపర ఆయనది. రుద్రమదేవి కాలంలో 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఆయనకిచ్చిన దానాల గురించి వివరంగా చెబుతుంది. ఆ శైవసిద్ధాంత దీక్షా గ్రంథాల్లో ప్రధానంగా కనిపించే వరుస హృదయంలో బ్రహ్మతో మొదలవుతుంది. కంఠంలో విష్ణువు, తాలువులో, అంటే అంగిలిలో రుద్రుడు, భ్రూమధ్యంలో ఈశ్వరుడు, శిరస్సులో సదాశివుడు. ఐదే మెట్లు, మొదటి మెట్టు గుండె. కాబట్టి ‘కాకతీయుల కాలం నుంచి వస్తున్న మూలాధార విద్య’ అని ఎవరైనా కరపత్రం పంచితే జర ఆగి చదవండి. రామప్ప గుడి పీఠం చుట్టూ చెక్కిన ఏనుగుల వరుస చూపించి ఇదే ఐరావతం, ఇదే మూలాధారం అనేవాళ్లూ ఉండవచ్చు. పీఠం మీద గజపట్టిక వేయడం ఎన్నో గుళ్లలో ఉన్న శిల్పుల ఆచారం. దానికి తామర రేకులు అతికించనక్కర్లేదు.

పోతన ఊరు బమ్మెర ఇక్కడికి దగ్గరే. ఆయన తెనిగించిన భాగవతం ద్వితీయ స్కంధంలో యోగి దేహం విడిచే ఘట్టం ఉంది. మడమతో మూలస్థానాన్ని అదిమిపట్టి, వాయువును నాభికి, అక్కడి నుంచి హృదయానికి, ఉరానికి, తాలుమూలానికి, కనుబొమల మధ్యకు, చివరికి బ్రహ్మరంధ్రానికి ఎక్కించాలి. ఆరు స్థానాలే, కానీ మనకు తెలిసిన ఆరు కావు. స్వాధిష్ఠానం లేదు, హృదయం కాక ఛాతీ వేరే ఉంది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఇక్కడ మూలస్థానం ప్రయాణం మొదలయ్యే చోటు మాత్రమే, ఆ ప్రయాణం ప్రాణం వదలడానికి. ఆరోగ్యం కోసమో ధైర్యం కోసమో చేసే సాధన కాదది.

పతంజలి యోగసూత్రాల్లో మూలాధారం అసలే లేదు, కుండలిని లేదు. నాభిచక్రం మాత్రం ఒక సూత్రంలో వస్తుంది. ఆరు చక్రాల వరుస స్పష్టంగా కనిపించే పాత గ్రంథాల్లో ముఖ్యమైనది కుబ్జికామతతంత్రం, సుమారు పదో శతాబ్దం నాటిది. గోరక్షుడి పేరు మీదున్న గ్రంథాల్లో నాలుగు రేకుల ఆధారచక్రం ఉంది గానీ, కుండలిని అందులో పడుకోలేదు. బొడ్డుకు కింద కందం అనే చోటు ఉంది, దాని పైన ఎనిమిది చుట్లు చుట్టుకుని ఉంటుంది. సౌందర్యలహరి తొమ్మిదో శ్లోకం భూతత్త్వాన్ని మూలాధారంలోనే పెట్టి, నీటిని మణిపూరంలో, నిప్పును స్వాధిష్ఠానంలో పెట్టింది. మిగతా చోట్ల ఈ రెండూ తారుమారుగా ఉంటాయి. ఆ శ్లోకాలకు వ్యాఖ్య రాసిన లక్ష్మీధరుడైతే మూలాధారంలో పూజ కౌలుల (బాహ్యపూజ చేసే శాక్తుల) పద్ధతి, సమయాచారపరులకు (మనసులోనే పూజించేవాళ్లకు) అది లేదు అని ఖరాఖండిగా చెప్పాడు. ఈయన ప్రతాపరుద్రుడి ఆస్థానంవాడు అనగానే మనవాళ్లు ఓరుగల్లు ప్రతాపరుద్రుణ్ణి అనుకుంటారు. ఆ రాజు ఒడిశా గజపతి, కాలం పదహారో శతాబ్దం.

ఇంత తేడా ఉంటే అంతా కట్టుకథే కదా అనడం తేలిక. దయానంద సరస్వతి ఆ ప్రశ్నను నేరుగా తేల్చుకోవాలనుకున్నాడు. గంగలో కొట్టుకొచ్చిన ఒక శవాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, తన దగ్గరున్న హఠయోగ పుస్తకాల్లో చెప్పిన చక్రాల కోసం వెతికానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఏమీ దొరకలేదు. శవంతో పాటు ఆ పుస్తకాలనూ చించి నదిలో పారేశాడు. ఆయన స్థాపించిన ఆర్యసమాజం నిజాం కాలంలో తెలంగాణలో ఎంత బలంగా పనిచేసిందో, 1938-39 సత్యాగ్రహం ఎలా నడిచిందో ఇక్కడి పాతతరానికి తెలుసు. మన ఊళ్లలో చక్రాలంటే పెదవి విరిచే పెద్దమనుషులు కొందరు ఆ బడి నుంచి వచ్చినవాళ్లే.

దయానందుడి తెగువ మెచ్చుకోదగ్గది. కానీ అక్షరాలు రాసిన తామర కండరాల మధ్య దొరకాలని ఆయన పెట్టుకున్న షరతు పుస్తకాలు పెట్టింది కాదు. ఆయన తర్వాత ఇంకో జట్టు అదే షరతును తలకిందులు చేసింది. శరీరంలో ఉన్న ఏదో ఒకదాన్ని చూపించి ఇదే అది అనడం మొదలుపెట్టింది. బొంబాయి డాక్టరు వసంత్ రేలే 1927లో కుండలిని అంటే మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నరమే అని ఒక పుస్తకం రాశాడు. మూలాధారం అంటే అడ్రినల్ గ్రంథులని చార్టుల్లో ఇప్పటికీ రాస్తుంటారు. అడ్రినల్స్ కిడ్నీల మీద ఉంటాయి, గ్రంథాలు చెప్పే మూలాధారం కూర్చునే చోట ఉంటుంది. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందో చార్టు వేసినవాళ్లే చెప్పాలి.

ఆ చోట నిజంగా ఏముందో చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడనక్కర్లేదు. ముందు జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా ఊయలలా వేలాడే కండరాల పొర ఉంది. మూత్రాశయం, పురీషనాళం, ఆడవాళ్లలో గర్భసంచి దాని మీదే ఆనుకుంటాయి. ఊపిరి పీల్చినప్పుడు అది కొద్దిగా కిందికి జారుతుంది, వదిలినప్పుడు కొద్దిగా పైకి లేస్తుంది. వెన్నుపాము కింది భాగం నుంచి వచ్చే నరాలు దానికి అందుతాయి. ఫిజియోథెరపీ వాళ్లు దీన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఇది మూలాధారం అని నేను అనను. మూలాధార భావన చేసే మనిషి దృష్టి వాలేది ఈ చోటు మీద, మూలబంధంలో బిగిసేది ఈ కండరాలు. అంతవరకు చెబితే చాలు.

ఇక వీడియోల మూలాధారం. దీని పుట్టుపూర్వోత్తరాలు ఇటీవలివి, అందులో సగం మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం దాకా పోతాయి. అక్కడి నాయకుడు లెడ్‌బీటర్ 1927లో తన దివ్యదృష్టితో చూశానని చెబుతూ చక్రాల మీద పుస్తకం రాశాడు. స్వాధిష్ఠానం తీసేసి దాని స్థానంలో ప్లీహ చక్రం పెట్టాడు, రంగులూ మార్చాడు. 1932లో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యుంగ్ కుండలిని మీద ఉపన్యాసాలిస్తూ చక్రాలను మనసు ఎదిగే దశలుగా వివరించాడు. మూలాధారమంటే మనం రోజూ బతికే ఈ లోకమే అన్నాడు. ఆ దారిలోనే 1970ల తర్వాత అమెరికాలో ఇంద్రధనుస్సు ఏడు రంగులు ఏడు చక్రాలకు పంచేశారు, ఒక్కో చక్రానికి ఒక్కో మానసిక సమస్య కేటాయించారు. మూలాధారానికి వచ్చినవి ఎరుపు రంగు, బతుకుతెరువు, ఇల్లు, డబ్బు, భద్రత, భయం. షట్చక్రనిరూపణంలో మణిపూరం మేఘంలా నలుపు, ఆజ్ఞ తెలుపు. ఇంద్రధనుస్సుతో ఏ పోలికా లేదు. మూలాధారం రేకులు ఎరుపు కావడం ఒక్కటి కలిసొచ్చింది. హెర్ట్జ్ సంగతైతే ఆ కొలతకు పేరిచ్చిన జర్మన్ శాస్త్రవేత్తే పంతొమ్మిదో శతాబ్దంవాడు, కాబట్టి 396 అంకె ప్రాచీన ఋషులది అనే మాట అక్కడితో సరి.

పాత గ్రంథాలు మూలాధార ధ్యానానికి ఇచ్చిన ఫలశ్రుతి చదివితే నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. షట్చక్రనిరూపణం ప్రకారం ధ్యానించినవాడు వాచస్పతి అవుతాడు, సర్వవిద్యలూ వస్తాయి, ఆరోగ్యం, ఆనందం. మొదటి మాట వాక్కు. కారణం ఉంది. పరావాక్కుకు, అంటే ఇంకా శబ్దంగా మారని మాటకు, పుట్టిల్లు మూలాధారమేనని మంత్రశాస్త్రం మాట, కుండలిని అక్కడ తుమ్మెదల గుంపులా ఝుమ్మంటుందని అదే గ్రంథం వర్ణన. సంగీత విద్వాంసులు నాదం మూలాధారం నుంచి పుడుతుందనేది ఈ అర్థంలోనే. శివసంహిత ఇంకో అడుగు ముందుకేసి, మూలాధారం మీద ధ్యానం చేస్తే దార్దురీ సిద్ధి వస్తుందంటుంది. అంటే కప్పలా గెంతి, క్రమంగా నేల విడిచి లేవడం. నేలలోకి వేర్లు దింపుకోండి అని ఇవాళ చెబుతున్న చక్రానికి పాత పుస్తకం ఇచ్చిన వాగ్దానం నేల వదిలిపోవడం!

అలాగే ఈ ‘బ్లాక్’ అన్న మాట. గ్రంథాల లెక్కన కుండలిని తన ముఖంతో బ్రహ్మద్వారాన్ని, అంటే పైకి పోయే దారి మొదలును, మూసుకుని నిద్రపోతూ ఉంటుంది, సాధనతో లేపేదాకా ఎవరిలోనైనా అంతే. తామర కిందికి వాలి ఉండటం కూడా అంతే. మూసి ఉండటం మనుషులందరి మామూలు స్థితి. అది మీ ఒక్కరికి వచ్చిన జబ్బన్నట్టు, దాని వల్లే మీకు ఉద్యోగం రాలేదన్నట్టు చెప్పడం ఏ పాత పుస్తకంలోదీ కాదు. పత్తి ధర పడిపోయి అప్పులైన రైతు భయానికి, నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే నిరుద్యోగి భయానికి కారణం కూర్చునే చోటులో వెతకమనడం నాకు అన్యాయంగా తోస్తుంది. పైగా ఫీజు తీసుకుని.

అలాగని కొత్త పద్ధతిలో మేలే లేదని అనను. కళ్లు మూసుకుని, ఒంటి బరువు నేల మీద ఆనడాన్ని గమనిస్తూ, ఊపిరి మెల్లగా వదులుతూ పది నిమిషాలు కూర్చుంటే గుండె దడ తగ్గుతుంది. తలలో తిరిగే ఆలోచనల నుంచి దృష్టి ఒంటి మీదికి మళ్లుతుంది. లం అని సాగదీస్తే ఊపిరి దానంతటదే పొడవుగా బయటికి పోతుంది. ఇది ఎవరైనా చేసి చూసుకోవచ్చు. ఖర్చు లేదు, ఎర్ర రాళ్లు అవసరం లేదు.

మూలబంధం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్లాసుల్లో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. పదిహేనో శతాబ్దపు హఠయోగప్రదీపికలో పద్ధతి స్పష్టంగానే ఉంది. మడమతో ఆ చోటును అదిమి, గుదాన్ని సంకోచింపజేసి, కిందికి పోయే అపానాన్ని పైకి లాగాలి. మలమూత్రాలు తగ్గుతాయని, ముసలివాడు కూడా యువకుడవుతాడని ఫలం చెప్పింది. రెండో మాట మీద ఆశ పెట్టుకోకండి. చిక్కు ఏమిటంటే ఆడా మగా కలిసి కూర్చున్న క్లాసులో సార్ ఏ కండరమో నోరు తెరిచి చెప్పలేడు. “కింద బిగించండి” అంటాడు. ఎవరికి తోచింది వాళ్లు బిగిస్తారు. ఒకరు పిరుదులు, ఒకరు తొడలు, ఒకరు పొట్ట, చాలామంది దవడ కూడా.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. పదిమందిలో గ్యాస్ ఆపుకున్నప్పుడు బిగిసేది వెనక కండరం. దాన్ని బిగించి వదులుతుంటే అది అశ్వినీ ముద్ర. మూత్రాన్ని మధ్యలో ఆపినట్టు చేస్తే బిగిసేది ముందుది. ఈ రెంటి నడుమ లోపలికి, పైకి లాగినట్టు అనిపించేది మూలబంధం. మొదట్లో మూడూ కలిసే బిగుస్తాయి, నెమ్మదిగా విడివిడిగా తెలుస్తాయి. పిరుదులు, తొడలు, ముఖం వదులుగా ఉండాలి. ఊపిరి వదులుతూ బిగించి, నాలుగైదు సెకన్లు ఉంచి, పీలుస్తూ పూర్తిగా వదిలేయాలి. మూత్రం పోసేటప్పుడు ఆపి సాధన చేయడం అలవాటు చేసుకోవద్దు. సక్లముక్లం కూర్చోలేనివాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు కుర్చీలో చేసుకోవచ్చు. మడమ ఒత్తిడికి తిమ్మిరి వస్తే మడమ తీసేయండి, మడత పెట్టిన దుప్పటి చాలు.

ఇదే కదలికను అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వైద్యంగా ప్రచురించాడు. కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడే ఆడవాళ్లకు ఇవాళ డాక్టర్లు మొదట చెప్పే వ్యాయామం అదే. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవాళ్లకూ చెబుతారు. మన ఇళ్లలో ఈ బాధ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అత్తమ్మలు, పెద్దమ్మలు దాన్ని వయసు మహిమ అనుకుని ఎవరికీ చెప్పుకోరు, పెళ్లిళ్లకు పోవడం మానేస్తారు. వాళ్లకు ఈ ఒక్క కదలిక సరిగ్గా నేర్పిస్తే యోగా సార్ చేసిన మేలు చిన్నది కాదు. కాకపోతే రుజువైంది కండరానికి వ్యాయామం పనిచేస్తుందని. దాన్ని చూపించి చక్రం రుజువైంది అనకూడదు.

అందరికీ బిగింపే మందు కాదు కూడా. కొందరిలో ఆ కండరాలు అప్పటికే బిగుసుకుపోయి ఉంటాయి. ఎప్పుడూ కటిభాగంలో నొప్పి, మలం రావడానికి ముక్కాల్సి రావడం, మూత్రం ధార మొదలవ్వడానికి ఆలస్యం, కలయికలో నొప్పి, ఇవి ఉన్నవాళ్లు మూలబంధం చేస్తే బాధ పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది వదలడం. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, పొట్ట నిండా ఊపిరి పీలుస్తూ ఆ చోటు కిందికి సడలడాన్ని గమనించడం. గర్భిణులు డాక్టర్ని అడిగి, హెర్నియా ఉన్నవాళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు కూడా అడిగే చేయాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి చేయవద్దు. కుండలిని లేస్తే పిచ్చెక్కుతుందన్న భయం చాలామందిలో ఉంది. రోజుకు పది నిమిషాల సాధనకు అంత భయం అక్కర్లేదు. గంటలకొద్దీ ధ్యానంలో మునిగి నిద్ర పూర్తిగా పోయినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా దాన్ని శక్తి లేవడం అనుకుని మురవకుండా సాధన ఆపి మానసిక వైద్యుణ్ణి కలవాలి. మలంలో రక్తం పడుతుంటే అది మొలలో, చీలికో, ఇంకా పెద్దదేదైనానో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. లం జపం ఎప్పుడైనా చేసుకోవచ్చు, ముందు సర్జన్‌కు చూపించుకోవాలి.